అయితే మంచిది

మిర్చి యార్డులో దగ్గనివాడు
అలవాటు పడ్డవాడు కాదు, చచ్చినవాడు అంటారు.
అరవై దగ్గర పడ్డాను, ఇంకా దగ్గుతున్నాను.
దగ్గుతూనే నింపుతున్నాను ఎగుమతి కాగితం:
తేజ రకం, నాలుగు వందల టిక్కీలు.
చేరవలసిన రేవు.
ఆ గడిలో ఊరి పేరు కొట్టి
ఆగిపోయాను.

ఈ పేరు మా ఇంట్లో ముందే ఉంది.
చినతాత కామేశం కార్డుల్లో,
ఆ గుండ్రటి కరణాల రాతలో.
"ఇచటి ఎండ మన రెంటచింతల ఎండకు మేనమామ, అన్నయ్యా."

ఇరవై రెండేళ్ళకే ఓడెక్కాడు,
ఏజెంటు దొర కచేరీలో లెక్కల గుమాస్తాగా.
సుల్తాను ఉన్నాడక్కడ. కోట ఉంది.
కోట మీద సుల్తాను జెండాయే ఉంది.
దొర వస్తే కాఫీ, ఖర్జూరం, చేతి మీద అత్తరు.
దొర ఒక్కనాడూ ఆజ్ఞ ఇవ్వలేదట.
ఫలానా ఆయన్ని మంత్రిగా పెట్టుకుంటే మంచిది.
రేవు సుంకం లెక్క మావాడు చూస్తే మంచిది.
నేల కింద నూనె పడితే
ఎవరికిచ్చేదీ ముందు మాతో ఒక మాట
అనుకుంటే మంచిది.

"రాజుకి అప్పుంది. అప్పుకి వడ్డీ ఉంది.
వడ్డీకి ఒక తుపాకుల ఓడ ఉంది.
రేవులో లంగరేసుకుని అదేమీ చేయదు,
ఊరికే ఉంటుంది.
ఇక్కడ చెల్లేది మన రూపాయే."
'మన' అన్న మాట మీద
తర్వాత గీసిన అడ్డగీత.

కచేరీ ముందు జెండా కొయ్య.
పారిపోయి వచ్చిన బానిస
దాన్ని వాటేసుకుంటే చాలు, విడుదల కాగితం ఇస్తారు.
రాసేది చినతాతే.
పేరు, వయసు, ఒంటి మీది మచ్చలు,
ఎవరి తోటలో ఎన్నేళ్ళు.
మబ్రూక్ అనే మనిషి ఆ కాగితం అందుకుని,
చదవడం రాదు కదా,
వాసన చూశాడట.

ఆ కార్డు వచ్చిన నెలలోనే
పెదనందిపాడు పక్క ఊళ్ళో మా తాత,
యజ్ఞనారాయణ,
కరణీకం వద్దని రాసిచ్చి
లెక్కల కట్ట చావడి అరుగు మీద పెట్టి
ఇంటికొచ్చి తలంటి పోసుకున్నాడు.
ఊరంతా శిస్తు కట్టం అంది.
పటాలం వచ్చింది. గేదెల్ని తోలుకుపోయింది.
వేలం పాట పాడేవాడు లేక
అమీను తన గొంతు తనే విన్నాడు.

తాత తమ్ముడికి రాసింది ఒకే ఒక్క ఉత్తరం.
నకలు మా దగ్గరుంది, కరణం కదా, నకలు లేకుండా ఏదీ పంపడు.
"కామేశం, ఆ కొయ్యని
నేనొచ్చి వాటేసుకుంటే
నాకూ రాసిస్తావా?"

పద్నాలుగు నెలలు జవాబు లేదు.
తర్వాత ఒక రేకు డబ్బా వచ్చింది, ఖర్జూరం.
ఉత్తరం లేదు అందులో.
తాత తినలేదు. పిల్లలు తిన్నారు.
గింజలతో మా నాన్న వామనగుంటలు ఆడాడు.

గుంటూరు కూడా ఒకప్పుడు
ఎవరో నవాబు తమ్ముడి జాగీరేనట.
కౌలుకిస్తే మంచిదని మొదట,
ఆయన పోయాక మాదైతే మంచిదని తర్వాత.
ఎంత మర్యాదగా అని ఉంటారో!
బ్రాడీపేట, అరండల్‌పేట
మా పాలబ్బాయి కూడా తప్పు లేకుండా పలుకుతాడు.
ఆ దొరలెవరో వాడికి తెలియదు,
నాకూ సరిగ్గా తెలియదు.

చినతాత తిరిగి రాలేదు.
పింఛను వచ్చిందని కొందరు,
అక్కడే ఎవరినో చేసుకున్నాడని కొందరు.
జెండా దిగిన రోజున
ఆ కొయ్యని ఏం చేశారో మాత్రం
అడుగుదామంటే ఎవరూ లేరు.

కొనేవాడి దగ్గర్నుంచి ఇప్పుడే మెయిల్.
వినయంగా రాశాడు, పాపం, సలాములతో.
సరుకులో తేమ పదకొండు శాతం దాటకుండా
చూసుకుంటే మంచిదట.

నవ్వొచ్చింది.
నవ్వు సగంలో దగ్గయింది.
పక్క బల్ల మీద సుభానీ నీళ్ళ సీసా జరిపి,
ఏమైంది మేడమ్ అన్నాడు.
ఘాటు, అన్నాను.